రెండో తేదీ లేని గవర్నరు

మా రాష్ట్రాన్ని ఇప్పటిదాకా నలభై ఇద్దరు గవర్నర్లు ఏలారు. వాళ్ళందరి మొహాలూ తుడిచే పని కెజియా ప్రౌట్‌ది.

పాత శాసనసభ భవనం మేడమీద పొడుగాటి హాలు ఒకటి ఉంది. దాని గోడంతా చెక్క పలకలు. ఆ చెక్క మీద, వచ్చిన వరస తప్పకుండా, పటాల్లో కొలువుదీరి ఉంటారు ఆ పెద్దమనుషులు. మొదటాయన ఓడ దిగిన మూడు నెలలకే జ్వరంతో పోయాడు గానీ, పటంలో మాత్రం వందేళ్ళు ఏలేవాడిలా కూచున్నాడు. రెండో ఆయన చేసిన ఘనకార్యమల్లా రాజుగారి బావమరిదిగా పుట్టడం. తరవాత పెట్టుడు జుట్టుల వాళ్ళు ఒక తొమ్మిదిమంది. ఆ తరవాత జనం ఎన్నుకున్న వాళ్ళు: ఒక పొగాకు రైతు, ఒకరి వెనక ఒకరుగా ఇద్దరు అన్నదమ్ములు, యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న ఆయన (బొమ్మ గీసినవాడు దయతలచి రెండు చేతులూ పెట్టాడు), రైలు దారులేసి కోట్లకి పడగెత్తిన ఆసామి. కెజియా పదకొండేళ్ళుగా ప్రతి మంగళవారం నిచ్చెన వేసుకుని ఒక్కొక్కరి మొహమూ తుడిచేది. "ఏం బాబూ, కులాసాయేనా?" అని పలకరించేది కూడా.

ప్రతి పటం కిందా ఒక ఇత్తడి పలక. దాని మీద పేరు, పదవిలోకి వచ్చిన తేదీ, దిగిన తేదీ. పదకొండో పటానికి మాత్రం ఒకటే తేదీ. ఆయన ఆంబ్రోస్ థార్న్‌లీ, రాజుగారు పంపిన ఆఖరి గవర్నరు. తిరుగుబాటు నాడు జనం దివిటీలతో మీద పడితే ఈ భవనంలోకి పరిగెత్తాడు, అంతే, మళ్ళీ ఎవరికీ కనబడలేదు. మా రేవులో ఓడ ఎక్కలేదని కెప్టెన్లు ప్రమాణం చేశారు. సరిహద్దు దాటలేదని కాపలావాళ్ళు చెప్పారు. శవమూ దొరకలేదు, రాజీనామా కాగితమూ దొరకలేదు. అప్పటి గుమాస్తాలు ఉత్త మొండిఘటాలు. దిగినట్టు కాగితం చూపిస్తే తప్ప దిగాడని రాసేది లేదని గవర్నర్ల పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలేశారు.

అందుకే మా రాష్ట్రానికి ఎప్పుడూ ఇద్దరు గవర్నర్లని జనం నవ్వుకుంటారు. కొత్త గవర్నరు ప్రమాణం చేసిన రోజున ఆ పటం ముందు ఒక గ్లాసు రమ్ము పెట్టి, "మీ సెలవైతే" అని అడిగి, అప్పుడు కుర్చీలో కూచోవడం ఆనవాయితీ. అందరూ చప్పట్లు కొడతారు, మిగతా రమ్ము అందరూ తాగుతారు. ఇప్పటి గవర్నరు మద్యం పొడ గిట్టని మనిషి. చచ్చినవాడికి తాగబొయ్యడం ఏమిటని ఆ ముచ్చట కాస్తా ఎత్తేశాడు.

కెజియాకి ఆ పటం గురించి రెండు సంగతులు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఒకటి, దాని మీద ఎన్నడూ దుమ్ము పట్టదు. రెండు, పలక మీద రెండో తేదీ ఉండాల్సిన చోట గుడ్డకి గరుకు తగులుతుంది... ఏదో చెక్కి, మళ్ళీ గీకేసినట్టు. ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆ మంగళవారం, ఫిబ్రవరి పదకొండున, కెజియా నిచ్చెన వెయ్యలేదు. ఆ సాయంత్రం అయిదింటికి ఆమె తమ్ముడు ఎనోస్‌ని ఉరి తీస్తారు.

నేతమిల్లు మేస్త్రీని చంపాడని కేసు. చంపలేదు. చంపినవాడు పక్కఊరి ఆసుపత్రిలో చస్తూ, ఫాదరీ ఎదుట అంతా ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. ఆ కాగితం సోమవారం మధ్యాహ్నం వచ్చింది. గవర్నరు సోమవారం పొద్దున్నే మేనకోడలి పెళ్ళికని పక్క రాష్ట్రం వెళ్ళాడు. రాత్రంతా కురిసిన మంచుకి రైలు సరిహద్దు అవతల ముప్పై మైళ్ళ దూరంలో కూరుకుపోయింది.

మధ్యాహ్నం రెండున్నరకి గవర్నరు దగ్గరనుంచి జవాబు తంతి వచ్చింది. ముద్రల గుమాస్తా ఒబదయా విక్‌హామ్ దాన్ని చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆయన తండ్రీ ఇదే కుర్చీలో కూచుని ఇవే ముద్రలు వేశాడు.

"చెప్పండి విక్‌హామ్ గారూ. నాన్చకండి," అంది కెజియా.

"నమ్మాడమ్మా. నీ తమ్ముడు నిర్దోషి అని నమ్మాడు. కానీ గవర్నరు సరిహద్దు దాటితే ఆయన చేతికి అధికారం ఉండదు. అక్కడ ఏ సంతకం పెట్టినా చిత్తుకాగితమే. దేవుడు మిమ్మల్ని కాపాడుగాక అని రాశాడు."

"ఆయన లేకపోతే ఉపగవర్నరు ఉంటాడు కదా?"

"ఆయన పోయి మూడు నెలలైంది. ఆ కుర్చీ ఇంకా ఖాళీయే."

"ఆ తరవాత సభాధ్యక్షుడు?"

"అదే రైల్లో ఉన్నాడు, అదే పెళ్ళికి."

కెజియా బల్ల అంచు పట్టుకుంది. "మీరే గీకెయ్యండి. గవర్నరు సంతకం మీరు రోజూ చూసేదే కదా. నేను మీ కాళ్ళు పట్టుకుంటా."

"కింద జైలు మనిషి గాడ్ కూచున్నాడు, మంచుబండి కట్టుకుని. గవర్నరు ఊళ్ళో లేడని వాడికీ తెలుసు. మచ్చుసంతకాల పుస్తకంతో పోల్చి చూడందే కాగితం ముట్టుకోడు. నలభై మూడేళ్ళలో నేను అబద్ధం రాయలేదు కెజియా. రాసినా నిన్నూ నన్నూ జైల్లో పెడతారు, వాణ్ణి ఉరి తీస్తారు. ఏం లాభం?"

బయట మంచు మళ్ళీ మొదలైంది. గడియారం ఆగకుండా నడుస్తోంది. కెజియాకి పోయిన ఆదివారం జైల్లో చూసిన మొహం కళ్ళముందుకి వచ్చింది. చిన్నప్పుడు తండ్రి తాగొచ్చి ఇల్లు పీకి పందిరేస్తుంటే, పలక గోడకి అటు ఎనోస్, ఇటు కెజియా పడుకుని, ఒకళ్ళకొకళ్ళు తలుపు తట్టినట్టు గోడ తట్టుకునేవాళ్ళు. వాడు మూడు గబగబా తట్టి, ఆగి, ఒకటి తట్టేవాడు. ఉన్నావా అక్కా అని. ఆమె రెండు తట్టేది. ఉన్నాన్రా అని. ఆదివారం నాడు వాడు మాట రాక బల్ల మీద అలాగే తట్టాడు. కాపలావాడు ఊరుకోమని కసిరాడు.

"సరిహద్దు లోపల ఏ గవర్నరూ లేడా?" అందామె, తనలో తను అన్నట్టు.

 విక్‌హామ్ కళ్ళు ఒక్క క్షణం పైకప్పు వైపు, మేడమీద హాలు వైపు వెళ్ళి, టక్కున కిందికి దిగాయి. కెజియా అది చూసింది.

"విక్‌హామ్ గారూ..."

"వద్దు."

"ఆ పదకొండో ఆయన దిగినట్టు పుస్తకంలో లేదు. సరిహద్దు దాటినట్టూ లేదు. ఆయన సంతకమూ మచ్చుసంతకాల పుస్తకంలో ఉంది. నేను అబద్ధం రాయమనడం లేదు కదా?"

"అబద్ధం కాదే పిచ్చిదానా, అదే నా భయం!" అన్నాడు ముసలాయన. "మా నాన్న హయాంలో ఒకసారి చేశారు. పీపాలు చేసేవాడి పెళ్ళాం ఒకావిడ, ఇలాగే గవర్నరు లేని రోజున వచ్చి ఏడ్చింది. మా నాన్న మెత్తబడ్డాడు. సంతకం పడింది. మొగుడు బతికొచ్చాడు."

"బతికొచ్చాడు కదా!"

"విను. మూడో రోజు ఆవిడే వచ్చి మా నాన్న కాళ్ళ మీద పడింది. వాణ్ణి ఉరి తియ్యండి బాబూ, ఇవాళే తియ్యండి అని. ఎందుకో చెప్పదు. వారం తిరక్కుండా అతను నదిలో శవమై తేలాడు. తోసింది ఆవిడేనని ఊరంతా అనుకున్నారు, ఎవరూ అడగలేదు."

కెజియా అదంతా విన్నదా అంటే విన్నది. కానీ ఆమె బుర్రలో నిలిచింది ఒక్క మాటే: బతికొచ్చాడు.

"మొగుడూ పెళ్ళాలకి సవాలక్ష ఉంటాయి. నా తమ్ముడు నాకు కావాలి. ఎలా వచ్చినా సరే. కాగితం రాస్తారా, నన్ను రాసుకోమంటారా?"

మూడు ముప్పావుకి కాగితం తయారైంది. ఆ సంతకానికి పాత నమూనా తప్ప పనికిరాదని విక్‌హామ్ రాజుల కాలం నాటి మాటలే ఎక్కించాడు: ఉరి ఆపవలెననీ, ఖైదీని తక్షణం గవర్నరు సమక్షానికి తేవలెననీ. బల్ల సొరుగులోంచి ఒక చపటి సీసా తీసి, సిగ్గుపడుతూ ఇచ్చాడు.

"రమ్ము. కీళ్ళనొప్పులకి వాడతాను," అన్నాడు. మేడ మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు. ఇంక పైకి రాలేదు.

హాల్లో అప్పటికే చీకటి పడింది. మంచు పట్టిన కిటికీల్లోంచి బూడిదరంగు వెలుతురు వస్తోంది. కెజియా చేతిలో దీపం ఉంది. ఒకటో ఆయన, రెండో ఆయన, పెట్టుడు జుట్టులు... పదకొండేళ్ళుగా తుడిచిన మొహాలు ఏ ఒక్కటీ ఇవాళ తెలిసినవాళ్ళ మొహాల్లా లేవు. పదకొండో పటం ముందు చిన్న బల్ల లాగి, కాగితం పరిచింది. పక్కన కలం, సిరా. గ్లాసులో రమ్ము పోసింది. సగం బల్ల మీదే ఒలికింది.

థార్న్‌లీ ఎప్పటిలాగే చూస్తున్నాడు. సన్నటి పెదవులు. కుడిచేతి బొటనవేలు ఉంగరపు వేలి మొదట్లో ఆనించి, ఉంగరం తిప్పుకుంటున్నట్టు.

"మీ సెలవైతే," అంది కెజియా.  మళ్ళీ అంది. "మీ సెలవైతే... నా తమ్ముడు ఎనోస్ ప్రౌట్. ఏ పాపమూ ఎరగడు. ఇరవై ఆరేళ్ళు. మీరు తప్ప ఈ రాష్ట్రంలో వాడికి దిక్కు లేదు. వాణ్ణి నాకు ఇప్పించండి."

ఏమీ లేదు.

"బాబూ... పదకొండేళ్ళు మీ మొహం తుడిచాను."

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని వాసన. దాని వెనకే పాత సున్నం, ఎలుకలు, ఎన్నాళ్ళగానో మూసి ఉంచిన గది. దీపం ఆరలేదు గానీ మంట చిక్కిపోయింది.

గోడలో ఏదో కదిలింది. పటంలో కాదు... గోడలో. చెక్క పలకల వెనక, పైనించి కిందికి, బట్ట రాసుకుంటున్న చప్పుడు. బల్ల ఎత్తుకి వచ్చి ఆగింది.

కెజియా కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎనోస్, ఎనోస్, ఎనోస్ అనుకుంటూ నిలబడింది.

గ్లాసు బల్ల మీంచి లేచిన చప్పుడు. గుటక. గ్లాసు మళ్ళీ బల్ల మీద.

కలం గరగరలాడింది. తొందర లేదు. చాలాసేపు రాసింది... ఒక సంతకానికి అంతసేపా?

తరవాత ఆమె చెవి పక్కనే ఎవరో ఊపిరి వదిలారు. చల్లగా. సంతోషంగా.

ఆమె కళ్ళు తెరిచేసరికి కాగితం మీద సిరా తడితడిగా మెరుస్తోంది. గ్లాసు ఖాళీ.

గాడ్ లావుపాటి మనిషి, మాటలు తక్కువ. విక్‌హామ్ తెరిచిచ్చిన మచ్చుసంతకాల పుస్తకంలో వేలు పెట్టి, కాగితం పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. పేరు చదవనే లేదు.

"అదే వంకర, అదే తోక. ముద్ర కొట్టండి తాతా. గుర్రం గడ్డకట్టుకుపోతోంది."

విక్‌హామ్ ముద్ర కొట్టాడు. నాలుగూ ఇరవై అయింది. మంచుబండి గంటలు వీధి మలుపు దాకా వినబడి ఆగిపోయాయి.

మా ఊళ్ళో ఉరి తీస్తే జైలు గంట కొడతారు. వాళ్ళిద్దరూ పొయ్యి దగ్గర కూచుని ఆ గంట కోసం చెవులు రిక్కించారు. కెజియా ఎర్రగా పొక్కులెక్కేదాకా అరచేతులు రుద్దుకుంది. అయిదైంది. అయిదూ అయిదు. అయిదుంపావు. గంట మోగలేదు. విక్‌హామ్ మొహం చేతుల్లో దాచుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. కెజియా నవ్వింది, ఏడ్చింది, ముసలాయన బట్టతల మీద ముద్దు పెట్టింది. ఆ రోజున అంత సంతోషపడ్డ మనిషి మా రాష్ట్రంలో ఇంకొకరు ఉండరు.

ఆరు కాకుండానే గాడ్ తలుపు తోసుకుని వచ్చాడు. వెనకే ఎనోస్.

"మెడకి తాడు తగిలించాక అందిందమ్మా కాగితం," అన్నాడు గాడ్. "ఒక్క క్షణం తూలిపడబోయాడు. చచ్చాడే అనుకున్నాం. మళ్ళీ కళ్ళు తెరిచాడు. గట్టి పిండం!"

కెజియా తమ్ముణ్ణి కావలించుకుంది. వాడి కోటు తడిసి ఉంది. తడిసిన ఉన్ని వాసన... మంచులో వచ్చాడు కదా, అనుకుంది. వాడి ఒళ్ళు చల్లగా ఉంది. చలిలో వచ్చాడు కదా.

"కూచో నాయనా. చేపల సూపు వేడిగా ఉంది. తిను."

ఎనోస్ కూచున్నాడు. సూపు వైపు చూడలేదు. గది అంతా కలయజూశాడు. గోడలు, తలుపులు, పైకప్పు... ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చిన ఇంటి యజమానిలా. కెజియా కిందికి తెచ్చి బల్ల మీద పెట్టిన చపటి సీసా తీసుకుని, మూత తీసి, ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు.

తండ్రి తాగుడు చూసి పెరిగిన ఎనోస్. జన్మలో ఒక్క చుక్క ముట్టనివాడు.

"ఎనోస్?" అంది కెజియా మెల్లిగా.

"మంచి సేవ చేశావు అమ్మాయ్," అన్నాడు వాడు. గొంతు ఎనోస్‌దే. "నీకు ఏం కావాలో అడుగు, ఇప్పిస్తాం."

అక్కా అనలేదు. వాడి కుడిచేయి బల్ల మీద ఉంది. బొటనవేలు ఉంగరపు వేలి మొదట్లో ఆనించి, లేని ఉంగరాన్ని మెల్లిగా తిప్పుతున్నాడు.

విక్‌హామ్ కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది. గాడ్ ఏమీ ఎరగక ఆ సూపు గిన్నె తనవైపు లాక్కున్నాడు.

కెజియా దీపం పట్టుకుని పరిగెత్తింది. మెట్లు, హాలు, ఒకటో ఆయన, రెండో ఆయన... పదకొండో పటం ముందు మోకాళ్ళ మీద పడి, ఇత్తడి పలక దగ్గర దీపం పెట్టింది. వేలితో తడిమింది. గరుకు లేదు. అక్కడ అక్షరాలు ఉన్నాయి, అప్పుడే చెక్కినట్టు అంచులు పదునుగా.

ఫిబ్రవరి పదకొండు, పందొమ్మిది వందల పదమూడు.

ఆయన పదవి దిగాడు. దిగి, బయటికి నడిచాడు.

"మరి మా వాడేడీ?" అంది కెజియా.  "నా తమ్ముడేడిరా? వాణ్ణే కదా నేను అడిగింది! వాణ్ణి ఎక్కడ పెట్టావురా?" చెక్క మీద రెండు పిడికిళ్ళతో గుద్దింది. వేళ్ళ కణుపులు చిట్లాయి. గుద్ది గుద్ది, ఊపిరందక ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, పలకల వెనకనుంచి...

మూడు గబగబా. ఆగి... ఒకటి.

కెజియా చెంప చెక్కకి ఆనించి రెండు తట్టింది. "ఉన్నాన్రా. ఇక్కడే ఉన్నాన్రా నాయనా." అటునుంచి వెంటనే మూడూ ఒకటీ, మళ్ళీ మూడూ ఒకటీ, చీకట్లో భయపడ్డ పిల్లాడు తట్టినట్టు, ఆగకుండా. ఆమె గోళ్ళతో పలక సందు పట్టుకుని లాగింది. కదల్లేదు. కింద ఉన్నవాణ్ణి చంపితే? పీపాలవాడి పెళ్ళాం చేసిన పని చేస్తే? ఆవిడ మొగుడు అప్పుడైనా ఇంటికి వచ్చి ఉంటాడు, ఇక్కడినుంచి బయటపడి ఉంటాడు... గొడ్డలి విక్‌హామ్ గది తలుపు వెనక ఉంటుంది. ఆమె లేచి నిలబడింది.

అప్పుడు గోడలోనే, ఇంకాస్త అవతల, పొగాకు రైతు పటం వెనకనుంచి, ఇంకో చప్పుడు మొదలైంది. ఎనోస్ తట్టినట్టు కాదు. నిదానంగా, ఒక్కొక్కటే, సమంగా. టక్... టక్... టక్... పీపాకి ఇనపపట్టీ బిగించేవాడు దాని చుట్టూ తిరుగుతూ సుత్తితో కొట్టినట్టు.